డూన్ పిస్టల్ అంటున్నారు, మర్డాక్ పేరు కూడా ఉంది. నమ్మి కొనొచ్చా?

తణుకు టు స్టిర్లింగ్:

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ పాత ఆయుధాల గురించి తెలుగులో మాట్లాడుకునే చోటు నాకు ఇదొక్కటే దొరికింది. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది తణుకు పక్కన పల్లెటూరు. ఆరేళ్ళుగా స్టిర్లింగ్‌లో ఉంటున్నాను, ల్యాబ్ టెక్నీషియన్ పని. ఇక్కడికి 8 మైళ్ళ దూరంలో డూన్ అనే చిన్న ఊరుంది. టీత్ నది, ఒడ్డున కోట, ఒక పెద్ద వీధి. వచ్చిన కొత్తలో మా ఆవిడా నేనూ కోట చూడ్డానికి వెళ్ళాం. ఆ ఊరి చిహ్నంలో రెండు పిస్టళ్ళు అడ్డంగా వేసి ఉన్నాయి. ఇదేంటని అక్కడో పెద్దాయన్ని అడిగితే నిలబెట్టి అరగంట చెప్పాడు. 1646 ప్రాంతంలో మ్యూథిల్ అనే ఊరి నుంచి థామస్ కాడెల్ అనే కమ్మరి వచ్చి అక్కడ కొలిమి పెట్టాడట. అప్పట్లో డూన్ మీదుగా హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం) పశువులు సంతలకు పోయేవి, తోలుకొచ్చేవాళ్ళ చేతిలో డబ్బు ఆడేది. కాడెల్ చేసిన పిస్టళ్ళకు పేరొచ్చింది. అతని దగ్గర పని నేర్చినవాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళు, క్యాంప్‌బెల్, క్రిస్టీ, మర్డాక్ ఇళ్ళవాళ్ళు దాదాపు నూటయాభై ఏళ్ళు ఆ పని నడిపారు.

నేను వెంటనే ఎడిన్‌బరా వెళ్ళి నేషనల్ మ్యూజియంలో వాటిని చూశాను. చెక్క అన్నది లేదు, పిడితో సహా అంతా ఇనుమే. ట్రిగ్గర్ చిన్న గోళీలా ఉంది, దాని చుట్టూ కాపు కమ్మీ లేదు. పిడి చివర పొట్టేలు కొమ్ముల్లా రెండు పక్కలకీ చుట్ట తిరిగి, ఆ కొమ్ముల మధ్య ఒక బొడిపె ఉంది. ఆ బొడిపెను తిప్పితే సూది బయటికొస్తుంది. తుపాకి మందు అంటుకునే రంధ్రం మూసుకుపోతే దాంతో పొడుచుకోవడానికట. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఆ రోజు నుంచి ఇదే ధ్యాస.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ళ కింద ఒక వేలంలో బుట్టపిడి కత్తి, అంటే పిడి చుట్టూ బుట్టలా కమ్మీలున్న కత్తి కొన్నాను. 1740ల స్టిర్లింగ్ పని, ఆండ్రియా ఫెరారా అనే పేరున్న అలుగు (కత్తి పలక) అని కేటలాగులో రాశారు. ఏడాది పొదుపు అందులో పెట్టాను. తెలిసినాయనకు చూపిస్తే పిడి చివరి గుండు విప్పాడు, లోపల మరతో బిగించిన నట్టు. పిడి 1828 నమూనా ఆఫీసర్ల కత్తిది, విక్టోరియా రాణి గారి కాలపు వస్తువు. అలుగు వేరే కత్తిది, దీనికి అతికించారు. వేలంవాళ్ళని అడిగితే షరతులు చదువుకోలేదా అన్నారు. ఆ బాధ ఇంకా పోలేదు.

పోయిన వారం ఒక ఆయుధాల సంతలో ఒక డీలరు పిస్టల్ చూపించాడు. చెకుముకి పిస్టల్, నిడివి దాదాపు 12 అంగుళాలు. అంతా ఇనుము, పొట్టేలు కొమ్ముల పిడి, గోళీ ట్రిగ్గర్, ఎడమ పక్క నడుం పట్టీకి తగిలించే కొక్కెం. కొమ్ముల మధ్య సూది లేదు, ఖాళీ రంధ్రం ఉంది. వెండి పని ఎక్కడా లేదు, చెక్కడం చాలా తక్కువ. లాక్ ప్లేటు (పేల్చే యంత్రం బిగించిన పలక) మీద మర్డాక్ అన్న పేరు స్పష్టంగా ఉంది. 1760ల నాటి డూన్ పని అంటున్నాడు, 4,600 పౌండ్లు అడుగుతున్నాడు. వచ్చే శనివారం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.

ఇది నిజంగా డూన్‌దేనా ఎలా తెలుసుకోవాలి? ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు కావాలా? ఎప్పటికైనా ఇండియా తీసుకెళ్ళొచ్చా? పైపైన తుప్పు ఉంది, శుభ్రం ఎలా చేయాలి? రెండోసారి దెబ్బ తినే స్తోమత నాకు లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

విజయవాడ వాసి:

బ్రదర్, కొనడం సంగతి నాకు తెలియదు గానీ తుప్పు అయితే చాలా ఈజీ. మా అమ్మ పూజ సామాన్లు చింతపండుతో తోముతుంది, కొత్తవాటిలా తళతళలాడతాయి. చింతపండు గుజ్జు పట్టించి అరగంట ఉంచి కడిగేయండి. తర్వాత కొబ్బరినూనె రాస్తే మళ్ళీ తుప్పు పట్టదు.

నల్లమల:

తమ్ముడూ, ముందు ఆ చింతపండు మాట మర్చిపో. దాని గురించి ఇక్కడ నాకంటే బాగా తెలిసిన అమ్మాయి ఉంది, ఆమే చెబుతుంది. శనివారం లోపు డబ్బు మాత్రం ఇవ్వకు. అడ్వాన్సు కూడా వద్దు.

నేను గ్లాస్గోలో ఉండబట్టి 27 ఏళ్ళు. నంద్యాల నుంచి వచ్చాను. నా దగ్గర ఇప్పుడు నాలుగు స్కాటిష్ పిస్టళ్ళు, ఏడు కత్తులు ఉన్నాయి. కత్తులు ఒకప్పుడు పదకొండు. ఆ నాలుగూ ఎందుకు పోయాయంటే, నీకు జరిగినట్టే జరిగింది. కాబట్టి నీ బాధ నాకు కొత్త కాదు.

నీ పోస్టులో నన్ను ఆపిన మాట ఒకటుంది. వెండి లేదు, చెక్కడం తక్కువ, కానీ పేరు మర్డాక్. జాన్ మర్డాక్ గొప్ప పనివాడు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో అమెరికా యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సైన్యపు మేజర్ పిట్‌కెయిర్న్‌వి అని చెప్పే జత పిస్టళ్ళు ఆయన చేసినవే, ఇప్పటికీ లెక్సింగ్టన్‌లో దాచి ఉంచారు. అలాంటి పనివాడి చేతి నుంచి సాదా పిస్టల్ రాదని నేననను. వస్తుంది. కానీ నువ్వు చెప్పిన పోలికలన్నీ ఇంకొక రకానికి కూడా సరిపోతాయి. అది సైనికుల పిస్టల్.

హైలాండ్ రెజిమెంట్లలో మామూలు సిపాయికి కూడా పిస్టల్ ఇచ్చేవాళ్ళు. 42వ రెజిమెంట్‌కు 1758లో రాయల్ అన్న బిరుదు వచ్చింది, అప్పటి నుంచి అది రాయల్ హైలాండ్ రెజిమెంట్. వాళ్ళ కోసం బర్మింగ్‌హామ్‌లో ఐజాక్ బిసెల్ అనే ఆయన ఈ పొట్టేలు కొమ్ముల నమూనాలోనే సాదాగా, టోకున పిస్టళ్ళు చేసి పంపాడు. బ్యారెల్ (గొట్టం) పైన ఆర్.హెచ్.ఆర్. అని మూడక్షరాలు, లాక్ మీద బిసెల్ గుర్తు ఉంటాయి. 1776లో ఆ రెజిమెంట్ అమెరికా వెళ్ళినప్పుడు అడవి యుద్ధానికి పనికిరావని కత్తులూ పిస్టళ్ళూ పక్కన పెట్టించారు. అలా మిగిలినవి చాలా చేతులు మారాయి. సిపాయి పిస్టల్‌కి ఒక ధర, డూన్ పిస్టల్‌కి దానికి రెండింతలు మూడింతలు. ఆ తేడా కోసం పాత గుర్తు అరగదీసి డూన్ పేరు చెక్కినవాళ్ళు ఉన్నారు. అలాంటిది ఒకటి నా చేతుల్లోంచే పోయింది.

శనివారం నువ్వు తీసుకెళ్ళాల్సినవి: చిన్న టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పెన్సిల్, వేలి కంటే సన్నటి గుండ్రటి చెక్క పుల్ల ఒకటి, అడుగు పొడవుది. డీలరు మంచివాడైతే ఇవన్నీ చూసి సంతోషిస్తాడు. చిరాకు పడితే అదే నీకు జవాబు.

అన్నిటికంటే ముందు చెక్క పుల్ల. పిస్టల్ గొట్టాన్ని ఎవరి వైపూ చూపించకుండా పట్టుకుని, పుల్లను మెల్లగా లోపలికి దించు. ఆగిన చోట గొట్టం అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టు. బయటికి తీసి, గీత గొట్టం అంచుకు సరిపోయేలా పుల్లను గొట్టం పక్కన ఆనించి చూడు. పుల్ల చివర మందు రంధ్రం దాకా రావాలి. అంగుళమో అరంగుళమో ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. రెండు వందల యాభై ఏళ్ళ నాటి మందు, గుండు అలాగే ఉండిపోయినవి నేను చూశాను. అలా ఉంటే నువ్వు దాన్ని కదిలించకు, గన్‌స్మిత్ దగ్గరికే పోవాలి.

తర్వాత పేరు. టార్చిని పైనుంచి కాదు, పక్కనుంచి, ప్లేటుకు దాదాపు ఆనించి వెయ్యి. అక్షరాల గాడి లోపల చూడు. పిస్టల్ ఒళ్ళంతా చిన్న చిన్న తుప్పు గుంటలు ఉంటాయి కదా. పేరు పాతదైతే ఆ గుంటలు అక్షరాలను కూడా తిని ఉంటాయి. అక్షరమే గుంటను కోసుకుంటూ పోతే, తుప్పు ముందు, పేరు తర్వాత. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. గోరు పెట్టి చూడు, కొత్త గాడి అంచు గోటికి తగులుతుంది, పాతది జారిపోతుంది.

లాక్ సంగతి. స్కాటిష్ లాక్‌లో కాక్‌ను, అంటే చెకుముకి రాయి పట్టుకునే చేతిని, ఆపే ముక్క ప్లేటుకున్న రంధ్రంలోంచి అడ్డంగా బయటికి వస్తుంది. ఇంగ్లీషు లాక్‌లో అలా ఉండదు, ఆపే పని అంతా లోపలే. కాక్‌ను మెల్లగా ఎత్తి ఆ ముక్క ఎక్కడుందో చూడు. బ్యారెల్ మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (గొట్టాల గట్టితనం పరీక్షించే చోటు) ముద్రలు ఉన్నాయేమో కూడా వెతుకు. దాన్ని 1813లో పెట్టారు, ఆ ముద్ర ఉన్న గొట్టం 1760ల కథ చెప్పకూడదు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఊరంతటికీ టార్టాన్ (హైలాండ్ గళ్ళ బట్ట) కట్టించాడు. అప్పటి నుంచి వేషం కోసం చేసిన పిస్టళ్ళు బోలెడు వచ్చాయి. అవి అందంగానే ఉంటాయి, కానీ వాటి కథ వేరు.

కాడెల్ పేరు కనబడినా తొందరపడకు. ఆ ఇంట్లో తరం తర్వాత తరం థామసే. మన ఊళ్ళలో తాత పేరు మనవడికి పెట్టినట్టే. పేరును బట్టి ఏడాది చెప్పలేం.

నీ కత్తి గురించి కూడా ఒక్క మాట. ఆండ్రియా ఫెరారా అన్న పేరు చూసి అప్పుడైనా ఇప్పుడైనా పరవశించకూడదు. పదహారో శతాబ్దంలో ఇటలీలో బెల్లూనో దగ్గర ఆ పేరుతో గొప్ప కమ్మరి ఉన్నాడు, నిజమే. కానీ స్కాట్లాండ్ కత్తుల మీద మనం చూసే ఫెరారాలు చాలావరకు జర్మనీలో జోలింగెన్ నుంచి వచ్చిన అలుగులు. ఆ పేరు ఉంటే అమ్ముడవుతుందని అక్కడే కొట్టి పంపేవాళ్ళు. స్పెల్లింగు కూడా ఒక్కో కత్తి మీద ఒక్కోలా ఉంటుంది. పిడి మాత్రం ఇక్కడిది, స్టిర్లింగ్‌లోనో గ్లాస్గోలోనో చేసేవాళ్ళు. మీ ఊరి వాల్టర్ ఆలన్ పిడి ఒక్కటి చూస్తే నీకే తెలుస్తుంది. కమ్మీలు విడివిడిగా సాగగొట్టి, వేడి మీద అతికి, పలకల్లో హృదయాకారం రంధ్రాలు కోసి, చివర్లు పైనున్న గుండు గాడిలోకి దూర్చాడు. బుట్ట లోపలికి వేలు పెట్టి తడిమితే అతుకుల దగ్గర సుత్తి దెబ్బల ఎత్తుపల్లాలు తగులుతాయి. 1828 నమూనాలో ఆ ఎత్తుపల్లాలు ఉండవు.

కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం మా ఇంటికి దగ్గరే. 1939లో ఆర్.ఎల్. స్కాట్ తన ఆయుధాల సేకరణ మొత్తం గ్లాస్గో నగరానికి రాసిచ్చాడు. కొనే ముందు అసలైనవి కళ్ళారా చూడు. ఈ ఆదివారం వస్తే నేనే తిప్పి చూపిస్తాను. మా ఇంటికొచ్చి భోంచేసి, నా బిసెల్ పిస్టల్ చేతిలో పట్టుకుని బరువు చూసి వెళ్ళు. ఫోటో వంద చూసినా చేతి బరువు తెలియదు.

లైసెన్సు సంగతి: ఇక్కడి చట్టంలో పాత ఆయుధాన్ని వింత వస్తువుగానో అలంకారంగానో ఉంచుకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. 2021 మార్చి నుంచి ఏది పాతదో నిర్వచించే నిబంధనలు వచ్చాయి. ముందు నుంచి మందు కూరే ఇలాంటి చెకుముకి పిస్టల్‌కి చిక్కు లేదు. కాల్చాలనుకుంటే మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. సంత నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, కారు డిక్కీలో వేసుకో, రసీదు దగ్గర ఉంచుకో. కత్తికైతే ఇది ఇంకా ముఖ్యం. బస్సులో మాత్రం వద్దు.

కొలిమి:

నల్లమల అన్న చెప్పిన తర్వాత నేను చెప్పేది పెద్దగా లేదు. మాది నిజామాబాద్ జిల్లా, మా తాత, నాయన కమ్మరి పనే చేశారు. నేను మెషిన్ షాపులో ఫిట్టర్‌ని. స్కాట్లాండ్ చూడలేదు. ఇనుము సంగతి అయితే చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఒక పేరు తీసేసి ఇంకో పేరు చెక్కాలంటే ముందు ఆకురాయి పెట్టాలి. ఆకురాయి పెట్టిన చోట ఇనుము తగ్గుతుంది. ఎంత నున్నగా చేసినా తగ్గిన ఇనుము తిరిగి రాదు. మీరు ఒక చిన్న స్టీలు స్కేలు తీసుకెళ్ళండి, ఆరంగుళాలది చాలు. దాని అంచును నిలువుగా లాక్ ప్లేటు మీద, పేరున్న చోట ఆనించండి. వెనక నుంచి టార్చి వేయించండి. ప్లేటు సమంగా ఉంటే వెలుగు దూరదు. నడుమ పల్లం ఉంటే సన్న గీతలా వెలుగు కనబడుతుంది. వెంట్రుకంత పల్లమైనా దొరికిపోతుంది. బ్యారెల్ పైభాగంలో కూడా అలాగే, ముందు నుంచి వెనక్కి జరుపుతూ చూడండి. మూడక్షరాలు తీసిన చోట పల్లం తప్పదు.

మరలు కూడా చూడండి. పాతకాలం మర చేత్తో కోసినది, చుట్టుకీ చుట్టుకీ దూరం కొంచెం తేడా ఉంటది. ఒక రంధ్రం మర ఇంకో రంధ్రంలో సరిగ్గా ఎక్కదు. అన్నీ అన్నింట్లో ఎక్కితే మిషన్ పని.

అన్నా, ఒక సందేహం. మా దిక్కు కోనసముద్రం అని ఊరుంది. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కొలిమి పక్కన కూర్చుని సరుకు తూకం వేయించుకుని పోయేవాళ్ళని మా తాత చెప్పేవాడు, తర్వాత పుస్తకాల్లో కూడా చదివాను. డమాస్కస్ కత్తులు ఆ ఉక్కువే. స్కాట్లాండ్ కత్తుల్లో మన ఉక్కు ఏమన్నా ఉందా?

నల్లమల:

కొలిమి తమ్ముడూ, స్కేలు మాట బంగారం. ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

నీ సందేహానికి జవాబు: ఆ బుట్టపిడి కత్తుల్లో లేదు. వాటి ఉక్కు జోలింగెన్‌ది, కరిగించే పద్ధతి వేరు, అలుగు మీద నీళ్ళ అలల్లాంటి చారలు ఉండవు. కానీ మీ కోనసముద్రం ఉక్కు రకాన్ని వీళ్ళు వదల్లేదు. 1790ల్లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే స్కాట్లాండ్ డాక్టరే దాని ముద్దలు లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. ఊట్జ్ అని వాళ్ళు రాసుకున్న మాట మన దక్షిణాది ఉక్కు అన్న మాట నుంచి వచ్చిందే. దాని మీద నువ్వే ఒక పోస్టు రాయాలి. మీ తాత గారు చెప్పినవన్నీ రాయి, నేను చదవాలనుకుంటున్నాను.

అపరాజిత:

నమస్తే అండి. నేను ఎడిన్‌బరాలో లోహ వస్తువుల పరిరక్షణ పని చేస్తాను. తుప్పు గురించి నాకు వదిలారు కాబట్టి వివరంగా చెబుతాను.

చింతపండు ఇత్తడి మీద ఎందుకు పనిచేస్తుందంటే అది పులుపు, అంటే ఆమ్లం. పై పొరను కరిగించేస్తుంది. పూజ గంట అయితే పర్వాలేదు. పిస్టల్ మీద ఆ పై పొరే దాని వయసు. గోధుమ, నలుపు కలిసిన గట్టి పొర ఉంటుంది, అది ఇనుమును కాపాడుతోంది. అది కరిగితే చెక్కడం అంచులు పోతాయి, అక్షరాలు పోతాయి, నల్లమల గారు వెతకమన్న గుంటల సాక్ష్యం కూడా పోతుంది. పైగా ఆమ్లం మరల సందుల్లో నిలిచి లోపల్నించి తినడం మొదలుపెడుతుంది. కొబ్బరినూనె చలికి గడ్డకట్టి, కొన్నాళ్ళకు జిగురై, దుమ్ము పట్టుకుంటుంది. విజయవాడ వాసి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. ఇక్కడి ఇళ్ళలో కూడా తరతరాలుగా ఇలాగే ఇసుక కాగితంతో రుద్ది చాలా కత్తులు పాడుచేశారు.

ఎర్రగా పొడిలా రాలుతుంటే బతికున్న తుప్పు. దాన్ని ఆపాలి. నల్లగా గట్టిగా ఉంటే నిద్రపోయిన తుప్పు, దాన్ని లేపకూడదు. ఎర్రగా ఉన్న చోట మాత్రమే, తేలికరకం మినరల్ ఆయిల్ ఒక చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. తర్వాత వెదురు పుల్లను చెక్కి, ఆ మొనతో మెల్లగా గీకండి. వెదురు వదులుగా ఉన్న తుప్పును లేపుతుంది, ఇనుమును గీయదు. పాత నూలు గుడ్డతో తుడవండి, పాత చీర ముక్క అయితే మరీ మంచిది. చివర రినైసెన్స్ వ్యాక్స్ పలచగా పట్టించండి, బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌లో రూపొందించిన మైనం అది. వైర్ బ్రష్ దగ్గరికి కూడా రానివ్వకండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, మన చెమటలోని ఉప్పు వారం రోజుల్లో వేలిముద్రను ఇనుము మీద ముద్రించేస్తుంది. ల్యాబ్‌లో పని చేస్తున్నారు కాబట్టి నైట్రైల్ గ్లౌజులు మీకు అలవాటే.

కత్తిని తోలు ఒరలో ఉంచి అలా వదిలేయకండి. తోలు ఊనడానికి వాడిన ఆమ్లాలు, ఇక్కడి తేమ కలిసి అలుగును తింటాయి. ఒర పక్కన పెట్టండి, అలుగు వేరుగా ఉంచండి.

ఇండియా సంగతి మీరు అడిగారు, ఎవరూ చెప్పలేదు. సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళిపోయే ఆలోచన అసలు వద్దు. అక్కడి ఆయుధాల చట్టం 1959 నాటిది, పాత వస్తువులకు దాని మినహాయింపు వేరేలా ఉంటుంది. విమానం కంపెనీని, కస్టమ్స్‌ని, మీ జిల్లాలో ఆయుధాల లైసెన్సులు చూసే అధికారిని ముందే కాగితం మీద అడిగి, కాగితం మీదే జవాబు తీసుకోవాలి. అంతవరకూ స్టిర్లింగ్‌లోనే ఉండనివ్వండి.

తణుకు టు స్టిర్లింగ్:

అందరికీ పేరుపేరునా దండాలు. ఆదివారం నల్లమల అన్నవాళ్ళింటికి వెళ్ళాను. కెల్విన్‌గ్రోవ్‌లో మూడు గంటలు తిరిగాం. తర్వాత వదిన గారు గోంగూర పప్పు, పెసరట్లు పెట్టారు. అన్న తన బిసెల్ పిస్టల్ చేతిలో పెట్టగానే నాకు గుండె జారింది. సంతలో నేను పట్టుకున్నదాని బరువు, కొమ్ముల వంపు, కొక్కెం పొడవు అచ్చం అదే.

నిన్న శనివారం సంతకు వెళ్ళాను. టార్చి, భూతద్దం, స్టీలు స్కేలు, చెక్క పుల్ల అన్నీ పట్టుకెళ్ళాను. డీలరు చిరాకు పడలేదు. తనే నల్ల గుడ్డ పరిచి, దీపం తగ్గించి, టార్చి పట్టుకున్నాడు. ఆయనకు కూడా వేరేవాళ్ళ దగ్గర నుంచి వచ్చిందట, మర్డాక్ అని రాసిచ్చిన కాగితంతో సహా.

పుల్ల మందు రంధ్రం దాకా చక్కగా వెళ్ళింది, లోపల ఏమీ లేదు. లాక్ ప్లేటు మీద స్కేలు పెట్టాం. పేరు కింద సన్నటి వెలుగు గీత. ఎం అక్షరం దగ్గర మొదలై చివరి అక్షరం దాటాక పోయింది. భూతద్దంతో చూస్తే డి అక్షరం వంపు ఒక తుప్పు గుంటను సగానికి కోసుకుంటూ పోయింది. గుంట అడుగు నల్లగా ఉంది, కోత మాత్రం తెల్లగా మెరుస్తోంది. డీలరు చూసి కాసేపు మాట్లాడలేదు.

తర్వాత బ్యారెల్ పైన చూశాం. అక్కడ పల్లం ఇంకా ఎక్కువ. టార్చి బాగా కిందికి దించి, మెల్లగా తిప్పుతుంటే ఒక చోట నిలువు గీత, దాని నడుమ నుంచి ఏటవాలుగా దిగిన కాలు కనబడ్డాయి. ఆర్ అక్షరం కాలు. పక్కన హెచ్ కనబడలేదు, పూర్తిగా అరిగిపోయింది. దాని అవతల ఇంకో ఆర్ పైవంపు, సగమే. టార్చి కొంచెం పైకెత్తితే అన్నీ మాయమవుతున్నాయి. దించితే మళ్ళీ వస్తున్నాయి. నేను ఐదారుసార్లు దించి ఎత్తి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డూన్‌లో చేసినది కాదు. కానీ ఎవరో ఒక హైలాండ్ కుర్రాడు నడుముకు తగిలించుకుని తిరిగిన పిస్టల్. వాడి రెజిమెంట్ పేరు తీసేసి ఇంకొకరి పేరు చెక్కారు. ఆ అన్యాయం తలుచుకుంటే నాకు ఇది మర్డాక్ పిస్టల్ కంటే ఎక్కువ కావాలనిపించింది. డీలరు తనే ధర తగ్గించి 1,900 అన్నాడు. బిల్లు మీద నేను అడిగినట్టే రాశాడు: బర్మింగ్‌హామ్ పని, 42వ రెజిమెంట్ సిపాయి పిస్టల్, లాక్ మీద పేరు తర్వాత చెక్కినది. రేపు నేను లేకపోయినా ఇది ఇంకెవరి దగ్గరికైనా వెళితే వాళ్ళకు మర్డాక్ అని అమ్మకూడదని ఆ కాగితాన్ని పిస్టల్‌తో పాటే పెట్టెలో పెట్టాను.

అపరాజిత గారూ, ఒక చిన్న ప్రశ్న. కొమ్ముల మధ్య సూది పోయిన రంధ్రంలో ఏదో గోధుమ రంగు గ్రీజు గట్టిపడి ఉంది. పాతదిలా ఉంది. తీసేయాలా? కొత్త సూది చేయించి బిగిస్తే తప్పా?

అపరాజిత:

గ్రీజు ఇప్పుడే తీయకండి. ముందు ఫోటో తీయండి, టార్చి వేసి, స్కేలు పక్కన పెట్టి. అందులో పాత సూది విరిగిన ముక్క ఉండొచ్చు. గీకితే పోతుంది. వచ్చే నెల నేను స్టిర్లింగ్ వైపు వస్తున్నాను, సూక్ష్మదర్శిని కింద ఇద్దరం కలిసి చూద్దాం.

కొత్త సూది చేయించొచ్చు, తప్పేమీ లేదు. కానీ బొడిపె అడుగున, బయటికి కనబడని చోట, చేసిన ఏడాది చెక్కించండి.

కొలిమి:

సూది కొలత పంపండి, మర చుట్టు దూరంతో సహా. నేను చేసి పంపుతాను. ఏడాది నేనే చెక్కుతాను.